నాగవేణి గీసిన బుట్ట

మా తోటికోడలు నాగవేణి గోగునార కుంచె పట్టిందంటే, మా దీవర కులంవాళ్ళ వాడలో ఇంకెవరి గీతా దాని ముందు నిలవదు. అలాంటిది, చైత్రంలో ఏడు నెలల కడుపు పోయినప్పటినుంచీ నిద్రపోదు, కుదురుగా కూర్చోదు. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడుస్తుంది. పక్కనున్న సాగర పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ ఎంత అడిగినా "ఏం లేదు" అంటుంది. ఏం లేనిదానికి ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? బలానికి మందు రాసింది.

"మాకు పోలేదా కడుపులు? పని ఎగ్గొట్టే వేషాలు!" అనేది మా అత్త కెంచమ్మ. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో భూమి పున్నమి వచ్చింది. వరి పొట్టమీదుంటుంది కదా, నేలతల్లికి ఆ రోజు సీమంతం. ఎర్రమన్ను పూసిన బుట్టమీద బియ్యప్పిండితో చిత్తారం బొమ్మలు గీసి, అందులో వంటకాలు పెట్టి పొలానికి పంపుతాం. బుట్ట గీసే పని నాగవేణిదే.

పున్నమి ముందురోజు మధ్యాహ్నం చూద్దును కదా, బుట్టమీద ఎప్పుడూ గీసే నారుమడి లేదు, నిచ్చెన లేదు. గీతలు చిక్కుపడి, తిరిగి తిరిగి ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. మధ్యలో అరచేయంత చోట ఉత్త ఎర్రమన్ను. ప్రతి గీతా అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్ళింది.

"ఇదేంటే?" అన్నాను.

"నా తలకాయ, అక్కా. లోపలంతా ఇలాగే ఉంది."

వెనకనుంచి అత్త వచ్చింది. "నేలతల్లికి ఇదా పెట్టేది? కడిగెయ్!"

నాగవేణి బుట్టను కావలించుకుంది. "కడిగితే నేను బతకను, అత్తమ్మా."

నేను అత్త వైపు తిరిగాను. "విన్నావా? ఇంకా వేషాలేనా? రేపు ఈ బుట్టే డాక్టరమ్మ ముందు పెడతాను. ఇది నోరు విప్పకపోతే గీతలే చెప్తాయి."

"పండగ బుట్టనా?"

"పండగ బుట్టనే!"

అత్త చాలాసేపు ఆ గీతల్నే చూసింది. తర్వాత పండగకని అటకమీదనుంచి గీతల్లేని వట్టి వెదురుబుట్ట దించింది.

"గీసిన బుట్టకి నేలతల్లి ఏడాది ఆగుతుంది. ఇది ఆగేలా లేదు. రేపెందుకే, ఇవాళే మూడింటికి బస్సుంది కదా! నడవండి!"

డాక్టరమ్మ బుట్టను ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా తిప్పింది. నన్నేమీ అడగలేదు. ఎర్రమన్ను చోట వేలు పెట్టి నాగవేణి వైపు తిరిగింది.

"ఇక్కడేముందమ్మా?"

"నా కూతురు," అంది నాగవేణి. అని భోరుమంది. పోయిన బిడ్డ ఆడపిల్లో మగపిల్లాడో అప్పటిదాకా దాన్ని మాలో ఎవరమూ అడగనైనా అడగలేదు.