సగం నారు

నా చిన్నప్పుడు మా అమ్మకు ఒక శత్రువు ఉండేది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. కిందటి నెల మిర్యాలగూడ దవాఖానలో అమ్మ పోయింది. కోదాడలో ఉండే మా అమ్మాయి తన అమ్మమ్మ పెద్దకర్మకు కరపత్రం అచ్చు వేయించింది. అందులో అమ్మను 'అజాతశత్రువు' అన్నారు, 'క్షమామూర్తి' అన్నారు. ప్రెస్సుల్లో ఇలాంటి మాటలు తయారుగా ఉంటాయి, ఫొటో, పేరు మారుస్తారంతే. నేను సూర్యాపేటలో ఉద్యోగమంతా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆ మాటల అర్థం నాకు తెలుసు. మా అమ్మ ఎవరినైనా క్షమించగా మాత్రం నేను చూడలేదు.

ఆ శత్రువు మా చిన్నమ్మ. మా బాపు తమ్ముడి భార్య, అమ్మకు యారాలు. మా ఊరు నేరేడుచర్ల దాటాక వస్తుంది. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, రెండు పొలాలకూ మధ్య ఒకటే గట్టు. నాకు ఆరేళ్లప్పుడు నా తమ్ముడు, ఎనిమిది నెలల పసివాడు, జ్వరంతో పోయాడు. ఆ రోజు అమ్మ కూలికి వెళ్లింది. నెల తిరక్కముందే చిన్నమ్మ బావి దగ్గర నలుగురిలో, పిల్లాడిని మంచంలో వేసి నాట్లకు పోయిన తల్లి అని అంది. ఆ మాట అమ్మ చెవిన పడింది. ఆనాటి నుంచి అమ్మ ఆమె గడప తొక్కలేదు, ఆమె చేతి నీళ్లు తాగలేదు. చిన్నమ్మ కూడా తగ్గే రకం కాదు. ఒకరి కడుగు నీళ్లు ఇంకొకరి వాకిట్లోకి పారితే ఆ పూటంతా తిట్లే.

ఆ తిట్లు వింటూ పెరిగాను. చిన్నమ్మ ఎదురైతే ఉమ్మేసి మొహం తిప్పుకునేదాన్ని. అమ్మ మీద ప్రేమ అంటే అదే అనుకున్నాను.

నాకు పదేళ్లు వచ్చిన ఏడు కాలువ నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. మావి కాలువ చివరి భూములు. అందరూ నారు పోసుకుని నీళ్ల కోసం చూసి, అవి రాగానే మడులు దున్నుతున్నారు. మాదీ చిన్నమ్మదీ ఒకే రకం వడ్లు, ఒకే వారంలో చల్లినవి. నారు జానెడు దాటింది. ఇంకో రెండు మూడు రోజుల్లో పీకి నాటాలి. ఆ సమయంలో నారు పోతే మళ్లీ చల్లి పెంచి నాటేలోపు అదను దాటిపోతుంది. చిన్నమ్మ పొలం ఆ ఏడాదికి బీడే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆదివారం మధ్యాహ్నం మా రెండు బర్రెలను కాలువ కట్ట మీద మేపుతున్నాను. చిన్నమ్మ నారుమడి చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. కంప లాగేసి బర్రెలను లోపలికి తోలాను. అవి తిన్నది కొంత, తొక్కింది ఎక్కువ. మడిలో పచ్చన కనపడకుండా పోయేదాకా గట్టు మీద కూర్చుని చూశాను. తర్వాత కంప మళ్లీ సర్ది ఇంటికి తోలుకొచ్చాను.

సాయంత్రం చిన్నమ్మ మా వాకిట్లోకి వచ్చింది. వాడకట్టంతా పోగయ్యింది.

"నా నారంత ఖతం జేసినవు గదనే! అడుగులు నీ బర్రెలయే!"

"ఊళ్లె బర్రెలన్నిటికి నాలుగే కాళ్లు. నా బర్రె పేరు రాసి పొయ్యిందా?" అంది అమ్మ.

"కంప తీసి మల్ల పెట్టింది. నీ బర్రెలకు చేతులు గూడ మొలిసినయా?"

"నా బర్రెలు కాలువ కట్ట మీదనే ఉన్నయి. నా బిడ్డ మేపింది. నా కొడుకు పోయిన్నాడు నా మీద నింద ఏసినవు. ఇయ్యాల గిదొకటి."

చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది. జనం అమ్మ పక్షానే మాట్లాడారు. నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను.

అమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. నేను పక్కన కూర్చుని, నేనే తోలానని చెప్పాను. అమ్మ నవ్వుతుందని చూశాను. దగ్గరికి తీసుకుంటుందని కూడా అనుకున్నాను. అమ్మ పొయ్యిలో కట్టెలు ఒక్కొక్కటే వెనక్కి లాగి, నీళ్లు చల్లి ఆర్పింది.

"దానితోటి పంచాయితీ నాది. నిన్నెవరు పిల్సిండ్రు?"

కొట్టలేదు. నా రెక్క పట్టుకుని బయటికి నడిపించింది. నాలుగేళ్లుగా తొక్కని గడప ముందు ఆగింది, లోపలికి మాత్రం అడుగు వేయలేదు. ఇందాకటి గొడవ విన్నవాళ్లందరికీ వినపడేలా గొంతు పెంచింది.

"నేనన్నది తప్పు. తొక్కినయి మా బర్రెలే. తోలింది ఇది."

చిన్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు సెప్పకుంటనే గింత పోరి తోలిందా?"

"నేనే తోలియ్యాలనుకుంటే పట్టపగలు తోలిస్తనా? గామాత్రం తెల్వదా నాకు?"

ఎవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు. "నా నారుల సగం నీది. ఎల్లుండి పీకుడు."

"బిచ్చమేస్తున్నవా?"

"నీకు బిచ్చం నేనెందుకేస్త? తొక్కిన మడికి మడి. నాటుకుంటె నాటుకో, లేకుంటె బర్రెలకెయ్యి. ఇగ నీకు నాకు మాటల్లేవ్."

ఆ రాత్రి బాపు ఎంత అరిచినా అమ్మ మాట మార్చలేదు. సగం నారు ఇస్తే మా కింది మడికి ఉండదు. ఆమెకు ఆ లెక్క మా అందరికంటే బాగా తెలుసు.

చెప్పిన రోజున నారు పీకాం. కట్టలు నా నెత్తికే ఎత్తింది. చిన్నమ్మ పొలందాకా ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు, మెడ నొప్పి మాత్రం గుర్తుంది. కట్టలు వేశాక అమ్మ చీర ఎగజెక్కి ఆమె మడిలోకే దిగింది, నన్నూ దింపింది. నాటే వరుసలో నేను మధ్యన, వాళ్లిద్దరూ చెరో పక్క. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉండి కూడా మాటలన్నీ నా ద్వారానే నడిపించారు.

"మీ అమ్మకు సెప్పు, మరీ లోతుకు గుచ్చుతున్నదని."

"మీ సిన్నమ్మకు సెప్పు, ఆమె పెట్టినయి నీళ్ల మీద తేలుతున్నయని."

వరుసలో కూలికొచ్చిన ఆడవాళ్లు వంగి నవ్వుతూనే ఉన్నారు. నాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం చిన్నమ్మ అందరికీ అన్నం తెచ్చింది. అమ్మ గట్టు మీద విడిగా కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది విప్పింది.

"విషం కలిపిన్ననుకుంటున్నదేమో," అంది చిన్నమ్మ, ఎవరితోనో అన్నట్టు.

"అంత తెలివుంటె అనుకుందును," అంది అమ్మ, సద్దిలోకి చూస్తూ.

పొద్దు గూకేసరికి నాట్లు అయిపోయాయి. అమ్మ కాళ్లు కడుక్కుని, వెనక్కి చూడకుండా నడిచింది. మర్నాడు కడుగు నీళ్లు మళ్లీ మా వాకిట్లోకి పారాయి, తిట్లు మళ్లీ మొదలయ్యాయి.

మా కింది మడి ఆ ఏడు బీడు పడింది. చలికాలం మా ఇంట్లో అన్నం తగ్గి జొన్నగటక పెరిగింది. అమ్మ ఆ విషయం ఎత్తి నన్ను ఒక్క మాట అనలేదు. కోతలప్పుడు గట్టు మీద ఆగి చిన్నమ్మ పొలం చూసి, కంకి బాగా పట్టిందని నాతో అంది. ఆ నోటితోనే ఆ పొలం ఆసామిని తిట్టింది. ఆ రెండూ ఒక మనిషిలో ఎలా ఉంటాయో అప్పుడు నాకు అర్థం కాలేదు.

చాలా ఏళ్ల తర్వాత నా కూతురు, అప్పటికి చిన్నపిల్ల, అమ్మమ్మను నవ్వించాలని, అప్పటికే మోకాళ్ల నొప్పితో కాలు ఈడుస్తున్న చిన్నమ్మలా కుంటుతూ నడిచి చూపింది. అమ్మ విస్తరి ముందు నుంచి లేచింది. "దాని మీద కోపం నాది. నీకెవరిచ్చిండ్రు?" అంది. పిల్ల ఏడ్చింది. అమ్మ ఊరుకోబెట్టలేదు. కరపత్రం రాయించింది ఆ పిల్లే.

పెద్దకర్మ ఊరి బయట మా పొలం దగ్గర చేశాం, చిన్నమ్మ అక్కడికి ఆటోలో వచ్చింది. ఎనభై దాటాయి, చేతిలో కర్ర. చదువు రాదు కాబట్టి, కరపత్రం నా కూతురి చేతికిచ్చి చదవమంది. నా కూతురు చదివింది. 'అజాతశత్రువు' అంటే ఏమిటని ఆమె అడిగింది. శత్రువులే లేని మనిషి అని మా అమ్మాయి చెప్పింది.

చిన్నమ్మ కర్ర నేలకు కొట్టింది. "యాభై ఏండ్ల సంది నన్ను తిట్టింది. నేను తిట్టిన. నేను లేనట్టె రాసిండ్రా? ఎవరిదే గీ రాత?"

నా కూతురు నా వైపు చూసింది. ఆ కరపత్రం తప్పు దిద్దగలిగిన మనిషి ఊళ్లో ఒక్కతే, ఆమె దిద్దింది.

భోజనాలకు అందరూ లేచారు. చిన్నమ్మ లేవలేదు. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం కలుపుకుంది. ఒకసారి పెట్టి చూద్దామని నా కూతురు విస్తరి తీసుకుని కదిలితే చెయ్యి పట్టి ఆపాను. ఎండ ఆమె మీదికి వస్తుంటే కుర్చీని నీడలోకి జరిపాను. నా చేతనైంది అంతే.

నాకూ కోపాలున్నాయి. బడిలో నాతో ఏళ్లతరబడి మాట్లాడని తోటి టీచరు ఒకావిడ ఉండేది, ఇప్పటికీ మాటల్లేవు. ఆమె కూతురు నా తరగతిలోనే చదివింది. ఆ పిల్ల పరీక్ష పేపరు చేతికి వచ్చినప్పుడల్లా మా కింది మడి కళ్లముందుకు వచ్చేది, పేపరు రెండుసార్లు చదివేదాన్ని. ఆవిడ ఎవరో నా పిల్లలకు ఈనాటికీ తెలియదు. అమ్మ దగ్గర నేర్చుకున్నది ఇదే. ఆమె పగ నాకు రాలేదు. ఆమె తరఫున చిన్నమ్మను క్షమించే హక్కు కూడా నాకు రాలేదు.