అదొక్కటి తప్ప

కొత్త యంత్రం అంటే మా బాబాయి చెవి కోసుకుంటాడు. మా వీధిలో మొదటి టీవీ ఆయనదే, మొదటి కంప్యూటరూ ఆయనదే. చేసేది రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే పని. ఏదైనా కొత్తది బజారులోకి వచ్చిందంటే కొనాలి, ఆ సాయంత్రమే దాని పొట్ట విప్పి చూడాలి. అర్థం కాకపోతే అన్నం సహించేది కాదు.

పిన్ని వేరే బాపతు. ఆయన తెచ్చిన మిక్సీకి గుడ్డ కప్పి అలమర మీద కూర్చోబెట్టి, రోట్లోనే రుబ్బేది. "అది పాడైతే మీ చుట్టూ తిరగాలి. నా చేతులైతే నా మాట వింటాయి" అనేది. కొత్తొక వింత, పాతొక రోత అని లోకం అంటుంది గానీ, ఆవిడకి ఏ వస్తువైనా పాతబడితేనే ముద్దు.

ముందుగది కొట్టు, వెనకది వంటిల్లు, మధ్య గోడకి చిన్న కిటికీ. వాళ్ళ కాపురమంతా ఆ కిటికీలోంచే నడిచింది. పిన్నిది సన్నటి గొంతు. పొద్దున్నుంచీ మెల్లగా ఏదో చెబుతూనే ఉండేది, ఆయన స్క్రూలు బిగిస్తూ నవ్వుతూనే ఉండేవాడు. పైవాటాలో ఉండే నాకు ఆ గుసగుసా, ఆ నవ్వూ మెట్ల మీదికి వినపడేవి. నిజం చెప్పాలంటే అసూయగా ఉండేది.

అరవై దాటాక ఆ నవ్వు తగ్గింది. నవ్వాల్సిన చోట "ఊ" అనడం మొదలుపెట్టాడు. ఒకామె గరగరలాడే ఫ్యాను తెస్తే, వేసి చూసి, "శబ్దమేదీ? బ్రహ్మాండంగా తిరుగుతోందమ్మా" అని పంపేశాడు. ఆమె దాన్ని పక్క వీధికి పట్టుకెళ్ళింది.

ఒకరోజు పిన్ని కిటికీ దగ్గర నిలబడి, ఎప్పటిలాగే మెల్లగా, "ఏమండీ, ఇల్లు తగలబడుతోంది" అంది.

"ఊ, అలాగే కానీ" అన్నాడు తలెత్తకుండా.

అక్కడే ఉన్న నాకు నవ్వొచ్చింది. పిన్ని నవ్వలేదు. ఆ రోజు నుంచి కిటికీలోంచి మాట రావడం ఆగిపోయింది.

నేను ఊరుకోలేక, "చెవిలో పెట్టుకునే మిషను కొనుక్కోరాదూ, బాబాయ్" అన్నాను.

"అది ముసలాళ్ళకి."

"నువ్వేమన్నా కుర్రాడివా?"

"నా చెవులకేం? మీరే మాటలు నోట్లో మింగేస్తున్నారు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. లోకంలో ఉన్న ప్రతి యంత్రాన్నీ విప్పి చూసిన మనిషి, తనకి కావలసిన ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోనన్నాడు. ఒళ్ళు మండి పైకి వచ్చేశాను.

వారం తిరక్కుండా పిన్ని మెట్లెక్కి వచ్చింది. "మీ బాబాయి కొనిచ్చిన ఆ ఫోను ఎలా వాడతారో నాకూ చెప్పవే" అంది. నా చెవుల్ని నేనే నమ్మలేదు. టైపు చేయడం ఆవిడకి చేతకాలేదు. మాట్లాడితే తానే రాసుకునే మీట చూపించాను. "మంచినూనె అయిపోయింది" అని గొణిగింది. అక్షరాలు తెర మీద పడ్డాయి.

"అరవక్కర్లేదే! ఇది వింటోందే!" అంది. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆనాటి నుంచి వంటింట్లో ఆవిడ ఫోనుకి చెప్పడం, కొట్లో ఆయన జేబు గుర్రుమనడం. బాబాయికి పట్టపగ్గాల్లేవు. వచ్చిన ప్రతివాడికీ చూపించి, "మా ఆవిడ కూడా మారింది చూశారా!" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఊరికే కిటికీ వైపు చూశాడట. పిన్ని ఫోనుకి ఏదో చెబుతూ, మధ్యలో ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వుతోంది. జేబులో ఫోను కదిలింది. పక్కింటి పిల్లి పాలగిన్నెలో తల ఇరికించుకుని, గిన్నెతో సహా గోడెక్కిందని ఉంది. కిందికి జరిపి చూశాడు. ఇంకేం లేదు.

"అంతా రాసిందే. నవ్వు మాత్రం రాయలేదు" అన్నాడు నాతో.

మర్నాడు నన్ను తోడు తీసుకెళ్ళి ఆ మిషను కొన్నాడు. దాన్ని మాత్రం విప్పి చూడలేదు. చెవికి పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కొట్లో కూర్చున్నాడు.

పిన్ని కిటికీలోంచి ఆయన చెవి వైపు చూసింది. లోపలికి వెళ్ళి, ఎప్పటికన్నా మెల్లగా, "ఇల్లు తగలబడుతోందండీ" అంది.

స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. పొయ్యి వెలిగించి కూడా లేదు.

"ఏమిటే ఈ పరాచికం?"

"ఇదివరకోసారి చెప్పాను" అంది పిన్ని. "అలాగే కానీ అన్నారు."

బాబాయి గుమ్మంలోనే కూలబడ్డాడు. స్క్రూడ్రైవరు కింద పెట్టి, "ఆ పిల్లి సంగతి... మళ్ళీ చెప్పవే" అన్నాడు.