దుమ్ము కావాలన్న నర్సు

మా కోడలికిప్పుడు నెలలు నిండుతున్నాయి. మొన్న ఆష్‌బర్న్‌లో వాళ్ళింటికి వెళ్తే చేతికి బూడిదరంగు రబ్బరు పట్టీ కనిపించింది. చుట్టూ ఉన్న గాలీ నీళ్ళూ పుట్టబోయే పిల్లల్ని ఏం చేస్తాయో ఏళ్ళ తరబడి కనిపెట్టి చూసే స్టడీలో చేరిందట. "మనం ఏం చెప్పక్కర్లేదు అత్తయ్యా, గాల్లో ఏ కెమికల్ ఉన్నా ఇదే అబ్సార్బ్ చేసేస్తుంది" అంది. అంటే మనుషుల మాట నమ్మడం మానేశారన్నమాట. నాలాంటివాళ్ళని చూసే మానేసి ఉంటారు.

ఎనభైల మొదట్లో మా పెద్దమ్మాయి కడుపులో ఉండగా నేనూ అలాంటిదాంట్లోనే చేరాను. న్యూజెర్సీలో ఓ పాత చెక్క ఇంట్లో పై వాటా మాది. మొదట్లో అన్నీ ప్రశ్నలే: సిగరెట్లు తాగుతావా, ఏం తింటావు, మీ ఆయన ఏం పని చేస్తాడు. కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తం తీసుకున్నారు. పిల్ల పాకే వేళకి కొత్త సంగతి వచ్చింది. గోడల పాత రంగుల్లోని సీసం దుమ్ములో కలిసి పిల్లల నోట్లోకి పోతోందేమో, పోతే బుర్ర ఎదుగుదల దెబ్బతింటుంది, అది చూడాలి, మీ ఇంటి దుమ్ము కావాలి అన్నారు. "ఏమీ ఊడవకండి, ఉన్నదున్నట్టు ఉంచండి" అని నర్సు ఫోన్‌లో మరీ మరీ చెప్పింది.

ఊడవకుండా ఎలా? ఇంటికి మనిషి వస్తుంటే! అందులోనూ తెల్లావిడ. ఇండియావాళ్ళ ఇళ్ళింతే అనుకుంటే పరువేం కాను? వ్యాక్యూమ్ చేశాను, తడిగుడ్డ పెట్టాను, కిటికీ గట్లు తోమాను. "ఆవిడేమన్నా పెళ్ళిచూపులకి వస్తోందా?" అన్నారు మావారు. నర్సు మోకాళ్ళ మీద కూచుని గొట్టంతో నేలంతా పీల్చి, సీసా వెలుగుకెత్తి చూసి, "చాలా శుభ్రంగా ఉంచుకుంటారే" అంది. నేను మురిసిపోయి కాఫీ కలిపిచ్చాను.

మా దుమ్ములో భయపడాల్సిందేమీ లేదన్నారు. ఆ చలికాలమంతా నిశ్చింతగా పిల్లని కిటికీ దగ్గర నిలబెట్టి మంచు చూపించాను. పళ్ళొస్తున్న పిల్ల, దొరికిందే చాలని గట్టు కొరికేది. ఏడాది దాటాక చేసిన పరీక్షలో రక్తంలో సీసం ఎక్కువగా ఉందన్నారు. నర్సు మళ్ళీ వచ్చింది. ఈసారి నేను దేన్నీ ముట్టుకోలేదు. ఆవిడ గట్టు మీద తడి కాగితంతో తుడిచి, అంటుకున్న రంగు పొట్టు చూసి, "అప్పుడు క్లీన్ చేశారా?" అని మెల్లిగా అడిగింది. తల కొట్టేసినట్టయింది. అవునన్నాను. తిట్టినా బాగుండేది, పిల్ల బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది.

ఇల్లు మారాం. సీసం తగ్గింది. పిల్ల చక్కగా చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. కానీ చిన్నప్పుడు ఎక్కాల దగ్గర తడబడినప్పుడల్లా మావారు దాన్ని కసురుకునేవారు, నేను సిగ్గుతో వంటింట్లోకి తప్పుకునేదాన్ని. దానికిప్పుడు నలభై దాటాయి. మాటల్లో ఏదైనా పేరు గుర్తు రాక తడుముకుంటే, "ఏజ్ అమ్మా, ఏజ్!" అని నవ్వేస్తుంది. అది వయసో, నేను తుడిచేసిన దుమ్మో, ఇంకెన్నేళ్ళు గడిచినా నాకు తెలియదు.