గడప కాడ నీళ్లు తాగిన మనిషి

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచే నమ్మకం లేదు. మా ఊరి వాగు అవతల ఏదో ఉన్నదని పెద్ద పెద్ద మొగోళ్లే మాపటియాళ్ల అటు పోకపోతుండె. నేను పదేండ్ల పిల్లను, ఒక్కదాన్నే పోయి బర్లను తోలుకొస్తుంటి. ఒక్కనాడు కూడ ఏం కనవడలే. ఇప్పుడు డెబ్బై దాటిన. ఇప్పటికీ ఎవరన్న గాలి సోకిందంటే, ముందు దవాఖానకు పోండ్రి అనే అంట.

గందుకే ఈ సంగతి బయటోళ్లకు ఎన్నడు చెప్పలే. చెప్తే నేను కూడ గా నమ్మేటోళ్లల్ల కలిసిపోత అని. కానీ ఇది జరిగింది. ఎట్ల జరిగిందో అట్లనే చెప్త.

డెబ్బైల మొదట్ల మాట. నాకు లగ్గమయి ఇరవై రోజులు. పెద్దపల్లి దిక్కు పల్లె నుంచి గోదావరిఖనికి కోడలుగ వచ్చిన. మా మామ రాజయ్య బొగ్గుబాయిల ఫిల్లర్. అంటే లోపట పేల్చిన బొగ్గును తట్టలతోటి ఎత్తి పట్టాల మీది టబ్బులు నింపే పని. మా ఆయన వర్క్‌షాపుల ఫిట్టర్. రెండర్రల క్వార్టర్ల మేం నలుగురం, మా అత్తతోటి.

పక్క క్వార్టర్ రూతమ్మక్కది. నడుమ ఒక్కటే గోడ. ఆమె పెనిమిటి దావీదు, మా మామ, ఇద్దరు జోడి. ఒకటే టబ్బు నింపుతరు, పొద్దుగాల కలిసి పోతరు, కలిసి వస్తరు. వాళ్లు క్రైస్తవులు. ఆదివారం చర్చిల దావీదు డోలక్ కొట్టేటోడు. ఇద్దరు ఆడపిల్లలు వాళ్లకు. మా పల్లెల కట్టెల పొయ్యి తప్ప నాకు తెల్వకపాయె. బొగ్గుల పొయ్యి ఎట్ల రాజెయ్యాల్నో రూతమ్మక్కనే నేర్పింది. “పొగ పోయేదాక బయటనే ఉంచు పిల్లా, లోపటికి తెస్తే కండ్లు పోతయ్” అని దగ్గర కూసుండి చెప్పింది.

మా దిక్కు కొత్త కోడలు మామ ముందట పడొద్దు. మా మామ ఇంట్లకొచ్చే ముందు గడప కాడ దగ్గేటోడు. నేను అర్ర తలుపు చాటుకు పోవాల్నని. ఆ ఇరవై రోజులల్ల ఆయన మొకం నేను సరిగ చూడనే లేదు. ఆయన గొంతు కూడ నాలుగైదు సార్లు విన్ననేమో.

ఆ రోజు మామ, దావీదు ఇద్దరు పొద్దుగాల షిఫ్టుకు పోయిండ్రు. మా ఆయన వర్క్‌షాపుకు పోయిండు. ఎండకాలం. మా కాలనీకి నల్లా పది గంటలు దాటినంక వచ్చేది. రెండు బిందెలు పట్టుకొని అత్త నల్లా కాడికి పోయింది. నేను పొద్దుగాలనే ముందటర్ర అలికిన. అది ఆరింది. లోపట కూసుండి పప్పు ఏరుతున్న. బడిల నడిమి గంట కొట్టిండ్రు. అది పదకొండుకు కొడుతరు. గంట కొట్టినంక జరసేపటికి గడప కాడ దగ్గు వినొచ్చింది.

నేను లేచి తలుపు చాటుకు పోయిన.

“జర నీళ్లియ్యి బిడ్డా.”

గొంతు బొంగురుగ ఉన్నది. డ్యూటీ జల్ది అయిపోయిందేమో అనుకున్న. బాయి పని ఏ యాళ్లకు అయితదో నాకేం ఎరుక. తల వంచుకొని నీళ్ల రంజన్ల నుంచి చెంబు నింపి, తీస్కపోయి గడప లోపట పెట్టి మళ్ల చాటుకొచ్చిన. అట్ల వంగినప్పుడు కనవడ్డది కాళ్లే. ఖాకీ లాగు, బూట్లు. నడుము నుంచి కిందికి అంత తడి. లాగు అంచుల నుంచి నీళ్లు కారుతున్నయి. నల్లటి నీళ్లు.

గటగట తాగిన చప్పుడు విన్న. చెంబు కింద పెట్టిన చప్పుడు విన్న. ఇంక గావాల్నేమో అని కొద్దిసేపు ఆగిన. మాట లేదు. తొంగి చూస్తే ఎవరు లేరు.

నాకు ఏ భయం కాలే. మామ మళ్ల పోయిండు అనుకొని పప్పు ఏరుకుంట కూసున్న.

అత్త బిందెలతోటి వచ్చి గడప కాడనే ఆగింది. “ఏందే, అలికిన అర్రల నీళ్లు ఒలకబోసినవ్?”

“నేను కాదత్తా. మామ వచ్చిండు. నీళ్లు తాగి పోయిండు.”

“గీ యాళ్ల మామ వచ్చుడేంది?”

బిందెలు దించి బయటికి పోయి అటు ఇటు చూసింది. గల్లిల ఎవరు లేరు. గుడ్డ తెచ్చి తనే తుడిచింది. గుడ్డ నల్లగయింది. చెంబు చేతిలకు తీసుకొని చూసింది. ఇత్తడి చెంబు మీద బొగ్గు వేళ్ల అచ్చులు పడి ఉన్నయి. నేనొక్కదాన్నే చూసిన అంటే నా కండ్లనే అనుమానిస్తుంటి. కానీ ఆ నీళ్లు తుడిచింది మా అత్త. ఆ చెంబు కడిగింది మా అత్త.

“గంత తడిసిండేంది?” అని మాత్రం అన్నది. పన్నెండున్నర కావస్తుండంగ బాయి సైరన్ మోగింది.

షిఫ్టు సైరన్ కాదు అది. ఆగకుంట మోగుతనే ఉన్నది. క్వార్టర్లన్నిట్ల నుంచి ఆడోళ్లు బయటికొచ్చిండ్రు. అత్త నా చెయ్యి పట్టుకొని ఉరికింది. రూతమ్మక్క చిన్నపిల్లను సంకనేసుకొని మా ముందట ఉరుకుతున్నది, చెప్పులు గూడ లేవు.

ఏ బాయో నేను చెప్ప. అక్కడ పనిచేసినోళ్లు ఇంకా ఉన్నరు. బాయి మీద మందే మంది. లోపట పైకప్పు కూలిందన్నరు. పదిన్నరకే కూలిందట, లోపటోళ్లే తీస్తరని సైరన్ ఆలస్యంగ కొట్టిండ్రట. అందరు బయటపడ్డరు, ఇద్దరు తప్ప. క్లర్కు గేటు కాడ నిలవడి పేర్లు చెప్పిండు. రాజయ్య, దావీదు. పైకొచ్చినోళ్లు అప్పజెప్పే లాంపులల్ల వాళ్లవి లేవన్నడు.

అత్త మందిని తోసుకొని ముందటికి పోయింది. “మా ఇంటాయన పైకొచ్చిండు సారూ! పదకొండు దాటినంక ఇంటికొచ్చి నీళ్లు తాగిండు. నా కోడలు ఇచ్చింది.”

అందరు నా దిక్కు చూసిండ్రు. క్లర్కు రిజిస్టర్ల మళ్ల చూసిండు. రాలేదన్నడు. అయినా ఇద్దరు మనుషులను కాలనీకి పంపిండ్రు. క్యాంటీన్ల చూసిండ్రు, దవాఖానల చూసిండ్రు. మామ ఎక్కడ లేడు.

రూతమ్మక్క నా రెండు భుజాలు పట్టుకున్నది. “మరి దావీదు ఏడి? ఇద్దరు కలిసే ఉంటరు గదా. నీ మామ వస్తే ఆయన గూడ వచ్చినట్టే గదా. చెప్పు పిల్లా.”

అప్పుడు భయమయింది నాకు. నా మాట నమ్మి, లోపట ఒక్కడే ఉన్నడనుకొని వెతికితే ఎట్ల? నా మాట తప్పయితే ఎట్ల? వెనుక ఎవరో ముసలామె “పాపం, పోరికి మతి తప్పింది” అన్నది.

అప్పుడే ఓదేలు కాక పైకొచ్చిండు. ఆయన ఆ షిఫ్టు సర్దార్, లోపటి మనుషులకు పెద్ద. తన మనుషులను బయటికి తోలి, మళ్ల దిగి, రాళ్లు తీపిస్తున్నడు. నీళ్లు తాగెతందుకు వచ్చి, ఈ లొల్లి విని నా దగ్గరికొచ్చిండు. కసరలే, నవ్వలే.

“మొకం చూసినవా బిడ్డా?”

“లేదు కాకా. మామ మొకం ఎట్ల చూస్త? కాళ్లు చూసిన.”

“కాళ్లు ఎట్లున్నయి?”

“నడుము దాక తడి. నీళ్లు కారుతున్నయి.”

ఆయన చేతిల గిలాస అట్లనే ఆగిపోయింది. “నడుము దాకనా? చూసి చెప్తున్నవా?”

“చూసిన కాకా. అత్త గుడ్డ పెట్టి తుడిచింది.”

గిలాస కింద పెట్టి ఉరికిండు.

అప్పుడు ఆయన ఎందుకు ఉరికిండో మాకు తర్వాత తెలిసింది. కప్పు కూలేటప్పుడు అందరు ఎగువ దారి పట్టి వచ్చిండ్రు. ఆ ఇద్దరు గూడ అటే ఉరికి రాళ్ల వెనుక చిక్కిండ్రనుకొని, రెండు గంటల సంది ఎగువ దిక్కే తీస్తున్నరు. ఎగువ దారి ఎండిపోయి ఉన్నది, చుక్క నీళ్లు లేవు. నీళ్లున్నది దిగువన, వాడుక లేని పాత దారిల. అక్కడ నడుము లోతు ఊట నిలిచి ఉంటదట. అటు ఎవరు పోరు. ఓదేలు కాక సగం మందిని ఆ దిక్కు మళ్లించిండు.

పగలంత ఎండల నిలవడ్డం. మా ఆయన వర్క్‌షాపు నుంచి వచ్చి వాళ్ల నాయిన కొరకు దిగుతనంటే దిగనియ్యలే. అత్త నా చెయ్యి ఇడువలే. రూతమ్మక్క మోకాళ్ల మీద కూసుండి ప్రార్థన చేసుకుంట ఉన్నది. ఆమె పెద్దపిల్ల బడి నుంచి పలక పట్టుకొని అట్లనే వచ్చింది.

దీపాలు పెట్టే యాళ్లకు మా మామను స్ట్రెచర్ మీద పైకి తెచ్చిండ్రు. ప్రాణంతోటి. నడుము నుంచి కిందికి తడిసి ఉన్నడు. ఆ రోజే నేను ఆయన మొకం నిండుగ చూసిన.

దావీదును తర్వాత తెచ్చిండ్రు. మీద దుప్పటి కప్పి ఉన్నది.

మామ వారం రోజులు దవాఖానల ఉన్నడు. మాట్లాడొచ్చినంక చెప్పిండు. రాయి దావీదు తలకు తగిలిందట. ఎగువకు దారి మూసుకపోతే మామ ఆయనను గుంజుకుంట దిగువకు పోయిండట. నీళ్లల్ల నిలవడి, దావీదు తల మునగకుంట భుజానికి ఆనించి పట్టుకున్నడట. దావీదు చానాసేపు నీళ్లు నీళ్లు అని అడిగిండట. వాళ్ల నీళ్ల డబ్బ రాళ్ల కింద పోయింది. ఆ ఊట నీళ్లు నోట్ల పెట్టే తీరుగ లేవట.

“కొంతసేపటికి అడుగుడు బందు పెట్టిండు,” అన్నడు మామ. “నిమ్మలంగ అయిండు. నిద్రపోయిండనుకున్న.”

ఇంటికి వచ్చింది ఎవరని మా ఆయన అడిగిండు. మామకు ఏం ఎరుక లేదు. తను ఎక్కడికి రాలేదన్నడు, కల గూడ రాలేదన్నడు. ఆయన కూడ ఇట్లాంటివి నమ్మేటోడు కాదు. “పిల్ల కొత్తగ వచ్చింది, ఎండకు తల తిరిగి ఉంటది” అని కొట్టేసిండు. తర్వాత పన్నెండేండ్లు బతికిండు గానీ ఆ మాట ఎత్తనియ్యలే.

ఓదేలు కాక ఆఫీసర్లకు దిగువ నుంచి చప్పుడు విన్ననని చెప్పిండట. మా అత్త అడిగితే, “కోడలు చెప్పకుంటే అటు పోకపోదును వదినా” అన్నడు. ఏది నిజమో ఆయనకే తెలువాలె. వేరే ఎవరన్న వచ్చి తాగి పోయిండ్రేమో అని అత్త గల్లి గల్లి అడిగింది. పొద్దుగాల షిఫ్టోళ్లు ఆ యాళ్లకు ఎవరు కాలనీకి రాలేదు. తడిసిన మనిషిని ఎవరు చూడలేదు.

ఇంత దాకనే అయితే, ఎట్లనో మామనే వచ్చిండని నేను మనసుకు సర్ది చెప్పుకుంటుంటి.

నెల రోజులకు రూతమ్మక్క మా ఇంటికొచ్చింది. అత్త లేని యాళ్ల చూసుకొనే వచ్చింది. ఇట్లాంటివి అడుగొద్దని పాస్టరు చెప్పిండట. అయినా అడుగుతున్న అన్నది.

“నువ్వు మొకం చూడలేదు గదా పిల్లా?”

“చూడలేదక్కా.”

“దావీదు గూడ ఖాకీ లాగే తొడిగిండు ఆ రోజు.”

నేను చేతిల పని పక్కకు పెట్టిన.

“ఆయన గూడ నిన్ను బిడ్డా అనే పిలిచేది గదా. ఆ యాళ్ల నేను మీ అత్త వెనుకనే నల్లా కాడ నిలవడ్డ. ఇంటికి తాళమేసి పోయిన. తాళం చూసి మీ దిక్కు వచ్చిండేమో.”

దగ్గు విన్ననని చెప్దామనుకున్న. కానీ దగ్గుకు పేరుంటదా? బొగ్గుల పనిచేసే ప్రతి మొగోడు దగ్గుతడు. గొంతు మామదే అని చెప్దామనుకున్న. మామ గొంతు అప్పటికి నేనెన్నిసార్లు విన్న? నిజం చెప్పాల్నంటే, మామ అని నేననుకున్న, అంతే.

“తెల్వదక్కా,” అన్న.

ఆమె గడప దిక్కు చూసింది. “ఎవరన్న గానీ. కడుపు నిండ తాగిండా?”

“తాగిండక్కా. చుక్క మిగల్చలే.”

తల ఊపింది. కొంగుతోటి మొకం తుడుచుకొని, పిల్లలు బడి నుంచి వచ్చే యాళ్లయిందని లేచి పోయింది. దవాఖానల ఆయా పని ఇచ్చిండ్రు ఆమెకు. పిల్లలిద్దరిని చదివించింది. మేం ఇరవై ఏండ్లు పక్కపక్కన్నే ఉన్నం, పెండ్లిళ్లు పేరంటాలు కలిసి చేసుకున్నం. మళ్ల ఎన్నడు ఆమె ఆ మాట అడుగలే, నేను చెప్పలే.

ఇప్పటికీ నాకు తెల్వదు. ఒక మనిషి బతికి ఉండి భూమి లోపట నిలవడ్డడు. ఒక మనిషి పాణం పోతున్నది. ఇద్దరల్ల నా చేతి నీళ్లు ఎవరు తాగిండ్రో, అసలు ఎట్ల తాగిండ్రో, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెగుతలేదు.