రావల్కోల్ చేలో ఏడు నిమిషాల రికార్డింగు

నేను మొదటి నుంచీ పిరికిదాన్ని. అమెచ్యూర్ రేడియో లైసెన్సు చేతికొచ్చి ఆరు నెలలైనా మైకు పట్టుకుని మాట్లాడాలంటే భయమేసి, కంప్యూటరు ద్వారా అక్షరాలు పంపుకునే పద్ధతి పట్టుకున్నాను. అటువైపు కంప్యూటరు అక్షరాలను ఈలలాంటి శబ్దంగా మారుస్తుంది, రేడియో దాన్ని మోసుకొస్తుంది, ఇటువైపు కంప్యూటరు విని మళ్లీ అక్షరాలు చేస్తుంది. కానీ గుండ్లపోచంపల్లిలో మా అపార్టుమెంటు నిండా ఇన్వర్టర్లూ చార్జర్లూ. అవి రేడియోలో పుట్టించే రొదలో ఈల వినబడదు. విశాఖలోని స్నేహితురాలు సుభద్ర ఆదివారం మూడున్నరకు పంపే సందేశాన్ని ఊరవతల రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి తీరిగ్గా చదవాలనుకున్నాను. అది నాకు రాబోయే మొట్టమొదటి సందేశం.

ఒంటిగంటన్నరకు బస్సెక్కితే మేడ్చల్ పావుగంట. అక్కడి నుంచి రావల్కోల్‌కు ఆటో, ఇరవై నిమిషాలు. రెండు వందలకు ఒప్పుకున్నాడు. యాంటెన్నాకని తెచ్చుకున్న నా తీగ చుట్ట చూసి డ్రైవరు, "కరెంటాఫీసోళ్లా మేడం? మా బోరు మోటరు కాలి వారమైతాంది, జర చూడుండ్రి" అన్నాడు. కాదంటే నమ్మలేదు. రోడ్డు పక్క పత్తిచేలో ఇద్దరు ఆడకూలీలతో కలుపు తీస్తున్న ఆ చేను యజమానురాలు ఎల్లవ్వను, తీగ కట్టుకోవచ్చా అని అడిగితే, "కట్టుకో బిడ్డా, చెట్టేమన్న తింటవా?" అని గట్టు మీది వేపచెట్టు చూపించింది. కొమ్మకు తీగ కట్టి, రెండో కొస రేడియోకు తగిలించి, చెట్టు కిందే కూర్చుని లాప్‌టాప్‌లో రికార్డు నొక్కాను.

హెడ్‌ఫోన్లలో చిటపటలు. రేడియో శబ్దం తెర మీద రంగుల పట్టీగా జారుతుంటే, ప్రతి చిటపటకూ అడ్డంగా ఓ తెల్లగీత. మొదట ఏదో మోటారనుకున్నాను. గీతలు ఒత్తుగా రాసాగాయి. తలెత్తి చూస్తే శామీర్‌పేట వైపు ఆకాశం నల్లగా ఉంది. మనకు ఉరుము చేరకముందే రేడియోకు మెరుపు వినబడుతుంది. "అమ్మో, ఇవి మెరుపులు" అని పైకే అనేశాను. నా తల మీద చెట్టు, చెట్టుకు తీగ, తీగ కొస నా ఒళ్లో. లేవాలి, చేలో వాళ్లకు చెప్పాలి. కానీ మూడున్నరకు ఇంకా పది నిమిషాలే. ఒక్క నిమిషం చూద్దామనుకున్నాను.

చినుకులు మొదలయ్యాయి. ఎల్లవ్వా కూలీలూ ఇనప పారలు పట్టుకుని నేరుగా నా చెట్టు కిందికే పరుగెత్తుకొస్తున్నారు.

"రావద్దు! చెట్టు కిందికి రావద్దు!" అని అరిచాను.

ఎల్లవ్వ ఆగిపోయింది. "ఏంది బిడ్డా, నా చెట్టు కిందికి నన్నే రావద్దంటున్నవా?"

తీగ పీకేసి, లాప్‌టాప్ రేడియోతో సహా చంకన పెట్టుకుని ఆమెకు ఎదురు పరుగెత్తాను. "పిడుగు పడుతుందవ్వా, రేడియోలో వినబడింది!"

ఆమె నా ముఖంలోకి చూసి కూలీల వైపు తిరిగింది. "పోరి ఉత్తగ చెప్తలేదే. పారలు ఆడ పడేసి నడువుండ్రి, పాలకేంద్రంల కూసుందాం."

రోడ్డు పక్క పాలకేంద్రం స్లాబు కింద నిలబడ్డామో లేదో, మెరుపూ ఉరుమూ ఒకేసారి వచ్చాయి. వాన వెలిశాక చూస్తే, వేపచెట్టుకు ఇరవై అడుగుల్లో ఉన్న తాటిచెట్టు మొవ్వు నుంచి పొగ వస్తోంది.

ఇంటికొచ్చి రికార్డింగు విన్నాను. రేడియో శబ్దం అందులో లేనే లేదు. రికార్డు చేసే ప్రోగ్రాం రేడియో కేబులును వదిలేసి లాప్‌టాప్ మైకును తీసుకుంది, నేను చూసుకోలేదు. "అమ్మో, ఇవి మెరుపులు" అని నా గొంతు. ఆ తర్వాత గాలి, చేలో ఆడవాళ్ల నవ్వులు, దూరంగా ఓ ఉరుము, మళ్లీ నవ్వులు. చివర నా అరుపు. ఆ మాటకూ ఈ అరుపుకూ మధ్య గడిచింది ఒక్క నిమిషమేనని ఒట్టేసి చెప్పేదాన్ని. తెర మీద ఏడు నిమిషాలు.

మరుసటి ఆదివారం తీగ కోసం వెళ్తే ఎల్లవ్వ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎంబడే చెప్పినవ్ బిడ్డా, లేకుంటే ముగ్గురం పోదుము" అంది. వెంటనే చెప్పలేదని, ఏడు నిమిషాలు ఆగానని ఆమెకు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. సుభద్ర ఏం పంపిందో ఇప్పటికీ అడగలేదు.

ఇలా ఊరవతల రికార్డు చేయడానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. రికార్డు నొక్కాక లాప్‌టాప్‌ను వేలితో తట్టండి; తెర మీద శబ్దం గీత ఎగిరితే అది మైకు, రేడియో కేబులుకు మార్చుకోండి. తెల్లగీతలు కనబడితే మాత్రం గడియారం చూడకండి. తీగ పీకేసి, చేలో ఎవరున్నారో ముందు వాళ్లను పిలవండి.