ఇన్సెంటు

నేను పాఠం చెప్పే క్లాసుకి మంచి మార్కులు వచ్చాయని మొన్న స్కూలు యాజమాన్యం నా చేతిలో ఓ సెంటుసీసా పెట్టింది. మూత తీయగానే ఆ ఘాటుకి ఒళ్లు మండిపోయింది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో మా నాన్న ఫిట్టరు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అక్కడ ఇన్సెంటివ్ పద్ధతి పెట్టారు. ఇంత టైములో పని ముగిస్తే జీతం మీద అదనం. మా క్వార్టర్లలో అందరూ దాన్ని ‘ఇన్సెంటు’ అనేవారు. నేను నిజంగా సెంటే ఇస్తారనుకున్నాను. రోజూ నాన్న రాగానే చొక్కా వాసన చూసేదాన్ని. నూనె, ఇనప రజను, అంతే.

ఓ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

“పక్కింటి బాబాయికి ఇన్సెంటొచ్చిందట. నీకేటి రాలేదు నాన్నా? నువ్వు సోమరిపోతువా?”

నాన్న మొహం మాడిపోయింది. నా వైపు చూడకుండా అమ్మతో అన్నాడు.

“గడియారం పట్టుకుని ఒకడు నా ఎనకాలే నిలబడతన్నాడు. బేరింగు సరిగ్గా కూకుందో లేదో నా సెయ్యి సెప్పాల. ఆడి గడియారానికేటి తెలుసు? ఇరవయ్యేళ్లు ఏ ఆశ సూపిత్తే సేసినాను?”

ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు. సెంటు రాలేదని అలిగాడనుకున్నాను.

నాన్న చేతికి కాపలా పెట్టి, ఆ కాపలాకి సెంటు పూశారని ఇన్నాళ్లకి అర్థమైంది. ముప్పయ్యేళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఏ సెంటు కోసం చెబుతున్నానని ఎవరూ అడగలేదు.

సీసా మొత్తం స్టాఫ్ బాత్రూంలో ఒంపేశాను. దాని అవసరం అక్కడుంది.