కీలో లేని జవాబు

2018 ఏప్రిల్‌లో దోహాలోని ఒక ఇండియన్ స్కూల్లో పదకొండో తరగతి చరిత్ర నాకు అప్పగించారు. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. మదీనత్ ఖలీఫాలో ఇల్లు, ఆరింటికి స్కూలు బస్సు. పేచీలు పెట్టుకునే మనిషిని కాదని అందరూ అనుకునేవారు. నేనూ అనుకునేదాన్ని.

వార్షిక పరీక్షలో ఆరు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను: 1898లో చైనా చక్రవర్తి వంద రోజుల్లో తలపెట్టిన సంస్కరణలు ఎందుకు విఫలమయ్యాయి? కీ కూడా నాదే. కీ అంటే ఏ ముక్క రాస్తే ఎన్ని మార్కులో ముందే రాసి పెట్టుకునే కాగితం. చక్రవర్తి తొందరపాటు, అధికారుల వ్యతిరేకత, చక్రవర్తి పెద్దమ్మ అయిన పెద్దరాణి ఎదురుతిరగడం, చక్రవర్తిని నిర్బంధించడం. మక్కికి మక్కి పాఠ్యపుస్తకంలోని నాలుగు ముక్కలు.

శ్రావ్య అనే అమ్మాయి ఆ ఒక్క ప్రశ్నకే నాలుగు పేజీలు రాసి, టైము చాలక సగం పేపరు వదిలేసింది. సంస్కరణలు అసలు విఫలం కాలేదని ఆమె వాదన. ఆ వంద రోజుల్లో పుట్టిన విశ్వవిద్యాలయం ఈనాటికీ నడుస్తోంది. అక్కడి సర్కారు ఉద్యోగ పరీక్షల్లో ఎనిమిది కాళ్ల వ్యాసమని ఒకటుండేది. చెప్పిన వరసలో ఎనిమిది భాగాలు రాయాలి, సొంత మాటకు చోటు లేదు. చక్రవర్తి దాన్ని రద్దు చేస్తే పెద్దరాణి మళ్లీ తెచ్చింది. కొన్నేళ్లకు ఆమె ప్రభుత్వమే దాన్ని తీసేసి, 1905లో ఏకంగా ఆ పరీక్షలనే ఎత్తేసింది. "ఆపినవాళ్లే ఆ పని చేయాల్సివస్తే ఓడింది ఎవరు?" అని ముగించింది. ఆరుకి ఆరు వేశాను. మొత్తం ఇరవై తొమ్మిది. ఎనభైకి పాసు మార్కు ఇరవై ఏడు.

మా స్కూల్లో టీచరు ఎర్రసిరాతో దిద్దిన పేపరును విభాగాధిపతి పచ్చసిరాతో సరిచూస్తారు. ఆయన మార్కు మారిస్తే, పక్కన ఆ టీచరు పొట్టి సంతకం ఉంటేనే మార్పు చెల్లుతుంది. ఆయన ఆరు కొట్టేసి ఒకటి వేశారు. కీలోని ముక్క ఒక్కటే కనబడిందట. ఇరవై నాలుగు. ఫెయిల్.

ఆమెకి అప్పటికే ఎకనామిక్స్ పోయింది. ఒక సబ్జెక్టయితే మళ్లీ రాయొచ్చు, రెండు పోతే టీసీ చేతికిస్తారు. దోహాలో వేరే స్కూల్లో సీటు దొరకదు కనక ఇక హైదరాబాదులో హాస్టలే గతి. వాళ్ల నాన్నది జగిత్యాల దగ్గర ఊరు. బర్వా అల్ బరాహాలో కార్మికుల క్యాంపుకి సూపర్‌వైజరు, నజ్మాలో రెండు గదుల్లో కాపురం. క్లాసు టీచరు ద్వారా సంగతి తెలిసి, డ్యూటీ బట్టలతోనే నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, పిల్ల మమ్ముల ఇడిశి ఎన్నడు ఉండలే. పట్నంల ఒక్కతే ఎట్లుంటది? గంతగనం ఎందుకు రాసినవని కోపం జేసిన. నేను రాసింది తప్పా అని నన్నే అడుగుతున్నది. నాకేం తెలుస్తది, మీరే చెప్పాలె."

"తప్పు కాదండీ" అన్నాను. ఆ మాట అన్నాక ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

కొరివితో తల గోక్కోవద్దని తోటి టీచర్లు చెప్పారు. ప్రిన్సిపాల్ గదిలో, ఆ పచ్చ అంకె పక్కన సంతకం పెట్టనన్నాను. కీ రాసింది మీరే కదా అని విభాగాధిపతి నిలదీశారు. అక్కడ దొరికిపోయాను. ప్రతి కీ చివరా "సరైన ఇతర అంశం ఏదైనా" అనే వాక్యం ఉండాలి. ఒకే కాగితంలో పట్టించాలని నేనే దాన్ని తీసేశాను. ఆ సంగతి ఒప్పుకున్నాను. తప్పు నాదైతే శిక్ష పిల్లకా అని అడిగాను. వరసగా నాలుగు ముక్కలు రాస్తేనే మార్కులంటే, చైనావాళ్లు ఎప్పుడో ఎత్తేసిన పరీక్షని మనం దోహాలో నడుపుతున్నట్టే అన్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది, దాచుకోలేదు కూడా. కాంట్రాక్టు రెన్యువల్ ఈ నెలలోనే ఉందని ప్రిన్సిపాల్ గుర్తుచేశారు. గుర్తుందన్నాను. ఆయన కలం నా ముందుకు జరిపారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సంతకం లేని మార్పు చెల్లలేదు. ఇరవై తొమ్మిదే నిలిచింది. శ్రావ్య ఎకనామిక్స్ మళ్లీ రాసి గట్టెక్కి, పన్నెండు మా దగ్గరే చదివింది. కీ తయారీలో నిర్లక్ష్యమని నాకు మెమో ఇచ్చారు. అది నిజమే కనక దాని మీద మాత్రం సంతకం పెట్టాను. కాంట్రాక్టు పొడిగించారు గానీ, విభాగాధిపతి పదవికి మళ్లీ ఎవరూ నా పేరు తలవలేదు.

ప్రశ్న తయారుచేసేవాళ్లు జవాబులన్నీ తమకు ముందే తెలుసనుకోవడం ఈ వృత్తిలో పెద్ద తప్పు. ఆ తప్పు నేను ఏళ్ల తరబడి చేశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి కీలోనూ ముందు ఆ వాక్యం రాశాను, జవాబులు దాని కింద రాశాను.